ఉన్న కళాశాలను విడిచి వెళ్లగోరుట

ధ్యానభాగములు: ఆదికాండము 13, 1 రాజులు 19:19–21, 1 కొరింథీయులకు 7:17–24



పరీక్షలు ముగిసి ఫలితములు వచ్చు దినములలో తలిదండ్రులు మా యొద్దకు ఒక ప్రశ్నతో వచ్చుచుందురు. కుమారుడు సూర్యాపేటలోనో కోదాడలోనో డిగ్రీ మొదటి సంవత్సరము ముగించినాడు. లేక కుమార్తె మిర్యాలగూడలో చదువుచున్నది. ఇక ఇక్కడ చదువనని, హైదరాబాదు పోయి ఉస్మానియాలోనో కేంద్ర విశ్వవిద్యాలయములోనో చేరుదునని, దరఖాస్తు పెట్టుదునని బిడ్డ పట్టుబట్టుచున్నది. తండ్రి అరుగుమీద కూర్చుండి, కండువా చేతిలో నలుపుచు, “అయ్యగారూ, పిల్లగాడు పట్నం పోతనంటుండు. పోనియ్యాల్నా, వద్దా? దేవుడు ఉంచిన కాడ ఉండొద్దా?” అని అడుగును.

ఆ చివరి మాటయే మమ్మును ఈ నెల వ్రాయుటకు పురికొల్పినది. పోనియ్యవలెనా వద్దా అనుదానికి మార్కులు, డబ్బు, ఖాళీలు చూచి జవాబు చెప్పవచ్చును. ఈ రెండవ ప్రశ్న వేరు. దేవుడు ఉంచినచోట ఉండుటయే భక్తి అయినయెడల, అంతకంటె మంచి చోటు కోరుట తృప్తిలేనితనమా? అవిశ్వాసమా? లేక మనమే మన భయమునకు తృప్తి అని పేరు పెట్టి, దానికొక వాక్యమును తగిలించి, బిడ్డ నోరు మూయించుచున్నామా?

ముందుగా సంగతి ఏమో తెలిసికొందము. ఏలయనగా మన గ్రామములలో దీనిని గూర్చి సగము తెలిసి సగము తెలియక మాటలాడుకొనుచున్నారు. మన మూడు పట్టణములలోను ప్రభుత్వ డిగ్రీ కళాశాలలు కలవు. అవి నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయము క్రిందివి. ఆ విశ్వవిద్యాలయము 2007లో ఏర్పడినది. అంతకు పూర్వము ఈ జిల్లా కళాశాలలు ఉస్మానియాకు అనుబంధముగా నుండెను గనుక, సూర్యాపేటలో కూర్చుండి చదివినవానికిని ఉస్మానియా పట్టాయే వచ్చుచుండెను. తండ్రి ఇక్కడనే చదివి ఆ పట్టా పొందినాడు. అదే బెంచీమీద కూర్చున్న కుమారుడు ఆ పేరు కొరకు ఊరు విడువవలెనని తలంచుచున్నాడు. బెంచీ మారలేదు, కాగితము మీది పేరు మారినది. పేరు కొరకే పోవు బిడ్డ ఈ సంగతిని ఒక సాయంకాలమైనను ఆలోచించుకొనుట మంచిది.

నడుమ మారుట సులభమును కాదు. 2016 నుండి మన రాష్ట్రములో డిగ్రీ ప్రవేశములు దోస్త్ అను ఆన్‌లైను పద్ధతిలో జరుగుచున్నవి. ఒక విశ్వవిద్యాలయము క్రింది కళాశాలనుండి మరియొక విశ్వవిద్యాలయము క్రిందికి మారవలెనన్న అక్కడ ఖాళీ యుండవలెను, అభ్యంతరము లేదని వ్రాసిన పత్రములు కావలెను, ఇక్కడ చదివిన పాఠములు అక్కడి పాఠములతో సరిపోవలెను, టీసీయు మైగ్రేషన్ సర్టిఫికెట్టును తేవలెను. 1974లో స్థాపింపబడిన హైదరాబాదు కేంద్ర విశ్వవిద్యాలయములో ఇంటరు తరువాత చేరు ఐదేండ్ల కోర్సులకైతే 2022 నుండి సీయూఈటీ అను దేశమంతటికిని ఒక్కటియైన పరీక్ష వ్రాయవలెను. అనగా చదివిన సంవత్సరమును వదలుకొని మరల మొదటినుండి మొదలుపెట్టుట. అమెరికాలో ఈ మార్పు సామాన్యమైన సంగతి. కాలిఫోర్నియా రాష్ట్రమువారు 1960లోనే ఒక ప్రణాళిక చేసి, సొంత ఊరి చిన్న కళాశాలలో రెండేండ్లు చదివినవారు పెద్ద విశ్వవిద్యాలయములో మూడవ యేట చేరునట్లు దారి వేసిరి. మనకు అట్టి రాజమార్గము లేదు. కాలిబాట మాత్రము ఒకటి కలదు. డిగ్రీ ఇక్కడనే బాగుగా ముగించి, పీజీకి పట్నము పోవుట. 2019 నుండి రాష్ట్ర విశ్వవిద్యాలయములకు కలిపి సీపీగెట్ అను ఒకే ప్రవేశపరీక్షను ఉస్మానియావారు జరుపుచున్నారు. కోదాడలో చదివినవాడును నిజాము కళాశాలలో చదివినవాడును ఒకే ప్రశ్నపత్రమునకు జవాబు వ్రాయుదురు. మన పిల్లలలో అనేకులకు ఇదియే మేలైన దారి అని మా అభిప్రాయము. అయితే ఇది అభిప్రాయమే గాని వాక్యము కాదు. తాను చదువగోరిన విషయమే ఇక్కడ లేని బిడ్డకు మేము ఈ మాట చెప్పము.

ఇక తృప్తి సంగతి. ఈ ప్రశ్న వచ్చినప్పుడు మన పెద్దలు పౌలు మాటలను రెంటిని ఎత్తిచూపుదురు. ఒకటి, ఏ స్థితిలోనున్నను సంతృప్తి కలిగియుండ నేర్చుకొంటినని ఫిలిప్పీయులకు వ్రాసినది. రెండవది, ఎవడు ఏ స్థితిలో పిలువబడెనో ఆ స్థితిలోనే యుండవలెనని కొరింథీయులకు వ్రాసినది. రెండును సత్యమే. అయితే మొదటి మాటను పౌలు ఎవనిని గూర్చి చెప్పెను? తన్ను గూర్చి చెప్పెను. బంధకములలో కూర్చుండి, తన అన్నమును గూర్చి, తన లేమిని గూర్చి చెప్పెను. కడుపు నిండినవాడు ఆకలిగొన్నవానితో నీవు తృప్తిపడుమని చెప్పుటకు ఆ వాక్యము ఇయ్యబడలేదు. రెండవ భాగమును తెరచి చదువుడి. ఉన్న స్థితిలో ఉండుడని చెప్పిన అదే అధ్యాయములో, అదే ఊపిరిలో, దాసుడైయుండి విడుదల పొందగలవాడు దానిని పొందుటయే మేలని అపొస్తలుడు చెప్పుచున్నాడు. 21వ వచనము చూడుడి. స్థితిని బట్టి క్రుంగిపోకుమనెను. తలుపు తెరిచినప్పుడు బయటికి రావద్దనలేదు.

ఆ పౌలే బాలుడుగా నున్నప్పుడు ఏమి చేసెను? తార్సు సామాన్యమైన ఊరు కాదు. విద్యకు పేరుపొందిన పట్టణము. అక్కడ పుట్టినవాడు దానిని విడిచి యెరూషలేములో గమలీయేలు పాదముల యొద్దకు వచ్చెను. పంపిన తలిదండ్రుల పేర్లు మనకు తెలియవు. వారు దేవుడు ఉంచిన చోటనే యుండుమని అడ్డుపడలేదని మాత్రము తెలియుచున్నది.

మరియొక సంగతి కూడ ఇక్కడనే చెప్పవలెను. తృప్తిగా నుండుమను మాట మన ఇండ్లలో ఎక్కువగా ఎవరికి చెప్పబడుచున్నది? కుమార్తెలకు. కుమారుడు తక్కువ మార్కులతో పట్నము పోవునప్పుడు అర ఎకరము కౌలుకిచ్చి పంపినవారు, అంతకంటె చక్కగా చదివిన కుమార్తె అడిగినప్పుడు, “ఆడపిల్ల, ఇంటి కాడుంటేనే మంచిది” అందురు. సంఖ్యాకాండము 27వ అధ్యాయములో సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు మోషే యెదుటను పెద్దలందరి యెదుటను నిలువబడి తమకు స్వాస్థ్యము కావలెనని అడిగిరి. అదియు ఒక దరఖాస్తే. మోషే తనకు తాను తీర్పు చెప్పక దానిని దేవుని యొద్దకు తీసికొనిపోయెను. దేవుడు వారి పక్షమున తీర్పు చెప్పెను. పట్నములో ఆడపిల్లకు అపాయములు లేవని మేము చెప్పుట లేదు. హాస్టలు ఎట్టిదో, రాకపోకలు ఎట్లో, ఆదివారము ఏ గుడికి పోవునో చూచి పంపుడి. అయితే అపాయము పేర ఆపుటయు, ఖర్చు తప్పించుకొనుటకు ఆపుటయు ఒకటి కావు. తల్లికి ఆ భేదము తెలియును.

అయితే వెళ్లగోరు ప్రతి కోరికయు మంచిదే అందుమా? అట్లనరాదు. లోతును చూడుడి. అతడు కన్నులెత్తి యొర్దాను మైదానమును చూచెను. అంతయు నీళ్లు పారు దేశము. నాగార్జునసాగరు ఎడమ కాలువ క్రింద పుట్టి పెరిగిన మనకు ఇది ఎవరును విప్పి చెప్పనక్కరలేదు. 1967లో కాలువలకు నీరు విడిచిన తరువాత మిర్యాలగూడ, హుజూర్‌నగరు, కోదాడ ప్రాంతముల ముఖమే మారినది. మెట్ట చేలు వరిమళ్లు ఆయెను, మిల్లులు లేచెను. నీటి గట్టున నేల కోరుటలో తప్పేమున్నది? బైబిలు లోతు నీటిని కోరినందుకు గద్దించలేదు. అతడు నీటిని మాత్రమే చూచి, ఆ ఊరి మనుష్యులను గూర్చి అడుగలేదు. అదియే అతని కొదువ. మన పిల్లలును అట్లే, కళాశాల పేరు చూతురు, ఉద్యోగమునకు ఎంత జీతము వచ్చునో చూతురు. అక్కడ తాము ఎట్టివారగుదురో అడుగరు.

ఇంకను ఒక గుర్తు కలదు. వెళ్లగోరువాడు విడుచుచున్న చోటును గూర్చి ఎట్లు మాటలాడును? “మా కాలేజీల ఏమున్నది, సార్లకేమొస్తది” అని నలుగురిలో తక్కువచేసి మాటలాడుచున్నాడా? నయమానుకు దమస్కు నదుల ముందు యొర్దాను చిన్నదిగా కనబడెను, అయితే అతని కుష్ఠు పోయినది ఆ చిన్న నదిలోనే. నజరేతు పేరు విని నతనయేలు పెదవి విరిచెను. ఉన్నచోట నేర్చుకొనదగినది నేర్చుకొనక, పుస్తకము తెరువక, గ్రంథాలయములో కాలు పెట్టక, పట్నములో మాత్రము చదివెదననువాని మాట మేము నమ్మలేము. ఇక్కడి ఉపాధ్యాయుని దగ్గర ఉన్నదంతయు త్రాగి, ఇంకను దాహమని చెప్పు బిడ్డ వేరు. ఆ దాహము దేవుడిచ్చినది కావచ్చును.

అట్టి బిడ్డను సంఘము ఆపరాదు. దీనికి మా కారణమొకటి కలదు. మన పొరుగున డోర్నకలులో అధ్యక్షుడుగా నుండిన వేదనాయకం శామ్యూలు అజరయ్యగారిని గూర్చి వినియున్నారు. ఆయన మన ప్రాంతమువాడు కాడు. 1874లో తిరునెల్వేలి సీమలో వెళ్లాలన్‌విళై అను గ్రామములో పుట్టి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివెను. 1909లో డోర్నకలుకు వచ్చి, తెలుగు నేర్చి, 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషపుగా అభిషేకింపబడెను. 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించువరకు ఈ తెలుగు నేలమీదనే సేవచేసెను. వెళ్లాలన్‌విళైవారు ఆయనను దేవుడు ఉంచిన చోటనే యుండుమని పట్టి యుంచినయెడల నష్టపోయెడివారు ఎవరు? మనము. మనకు సువార్త వచ్చినదే ఏదో ఒక ఊరివారు తమ బిడ్డను పోనిచ్చినందున. పుచ్చుకొనుటలో ముందుండి, పంపుటకు మాత్రము వెనుకాడుట న్యాయము కాదు.

అజరయ్యగారు పరీక్షల ముందు జబ్బుపడి పట్టా పొందకయే కళాశాల విడిచిరి. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు ఆయనకు గౌరవ డాక్టరు పట్టమిచ్చిరి. ఈ కథను చెప్పి, చూచితిరా, పట్టా లేకున్నను దేవుడు హెచ్చించును, పిల్లలకు పెద్ద చదువులెందుకు అను ప్రసంగికులు కలరు. అది ఆయనకు చేయు అన్యాయము. పల్లెల పేద క్రైస్తవుల పిల్లలకు బడులు కావలెనని పాటుపడినవాడు ఆయనే. తనకు పట్టా దక్కనివాడు ఇతరులకు వద్దని చెప్పలేదు.

ఇక్కడ ఒక కష్టమైన ఆలోచన. సీట్లు కొద్ది, అడుగువారు అనేకులు. మన బిడ్డకు వచ్చిన సీటు మరియొక తల్లి బిడ్డకు రాకపోయిన సీటు. అప్పుడు మనము బుధవారపు కూటములో మోకరించి మా బిడ్డకు సీటిమ్మని అడుగుట, పరుల బిడ్డకు ఇయ్యవద్దని అడుగుటయే గదా అని ఒక యౌవనస్థుడు మమ్మునడిగెను. మంచి ప్రశ్న. ఆ ప్రార్థన తప్పని మేము అనము. ఆకలిగొన్నవాడు రొట్టె అడుగుటలో ఇతరుల ఆకలిని కోరుట లేదు. అయితే ఫలితమును గూర్చి అడుగునప్పుడు నోరు కొంచెము తగ్గించి, బిడ్డ కష్టపడి చదువుటకును నిజము పలుకుటకును ఎక్కువగా అడుగుట యుక్తము. సీటు రాని పొరుగింటి బిడ్డను కూటములో పేరుపెట్టి జ్ఞాపకము చేసికొనుడి. ఆ ఇల్లు ఏ మతస్థులదైనను సరే. అంతకు మించి మేము ఈ ప్రశ్నను విప్పలేము.

నిజము పలుకుట అంటిమి. దరఖాస్తు అనునది సాక్ష్యపు కాగితము. సంతకము చేయుట కోర్టులో నిలువబడి చెప్పుటతో సమానము. మారుటకు కారణము చూపవలెనని అడిగినప్పుడు, లేని జబ్బును వ్రాసి వైద్యుని చీటీ కొనువారు కలరు. ఉండని ఊరిలో ఉన్నట్లు, ఉన్న ఆదాయము లేనట్లు పత్రములు తెచ్చువారు కలరు. సీటు ఖాయమని చెప్పి రూపాయలు గుంజు మధ్యవర్తులను గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు, వారి యొద్దకు పోకుడి. యాకోబు ఆశీర్వాదము కోరినాడు. ఆ ఆశీర్వాదము అతనికి రావలెనని దేవుని చిత్తమే యుండెను. అయినను చేతులకు మేకపిల్ల చర్మము కట్టుకొని, నీవెవడవని గ్రుడ్డి తండ్రి అడుగగా తాను ఏశావునని చెప్పి దానిని తీసికొనెను. దేవుడు ఇయ్యదలచినదే అబద్ధముతో తీసికొన్నందున ఇరువది యేండ్లు లాబాను ఇంట పరదేశియై యుండవలసివచ్చెను.

కాపరి ఇచ్చు పత్రము సంగతియు చెప్పవలెను. ఆరాధనకు ముఖము చూపనివానిని క్రమముగా వచ్చు విశ్వాసి అని వ్రాసి ఇమ్మని అడుగుదురు. ఇయ్యకున్న, ఒక్క ముక్క వ్రాయుటకేమి పోయెనని తండ్రి చిన్నబుచ్చుకొనును. అపొల్లోకు ఎఫెసు సహోదరులు పత్రము వ్రాసి అకయకు పంపిరి. అతని లోపము వారికి తెలియును. అకుల ప్రిస్కిల్లలు అతనిని ప్రక్కకు తీసికొనిపోయి సరిదిద్దిరి. ఎరిగి, సరిదిద్ది, తరువాత వ్రాసిరి. ఆ వరుసను తలక్రిందులు చేయుట మాకు సాధ్యము కాదు.

అన్నిటికంటె బరువైనది కులము, మతము అను గడి. దీనిని గూర్చి మన పత్రికలలో సాధారణముగా ఎవరును వ్రాయరు. పిల్లలు మాత్రము ఆ గడి యెదుట కలము పట్టుకొని ఒంటరిగా కూర్చుందురు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము హిందువు గానివాడు షెడ్యూల్డు కులమువాడుగా లెక్కింపబడడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను ఆ లెక్కలో చేర్చిరి. క్రైస్తవులను చేర్చలేదు. షెడ్యూల్డు కులములనుండి క్రీస్తునొద్దకు వచ్చినవారిని మన రాష్ట్రములో బీసీ-సీ అను గుంపులో ఉంచి 1 శాతము కేటాయించిరి. షెడ్యూల్డు కులములకు 15 శాతము కలదు. ఒకే వాడలో, ఒకే గోడకు అటునిటు నున్న ఇద్దరు బిడ్డలకు ఇంత భేదము. 2022లో కేంద్ర ప్రభుత్వము మాజీ ప్రధాన న్యాయమూర్తి కె. జి. బాలకృష్ణన్ గారి అధ్యక్షతన ఈ విషయము పరిశీలించుటకు ఒక కమిషనును నియమించినది.

ఈ చట్టము న్యాయమని మేము అనుకొనము. బాప్తిస్మము పొందినంత మాత్రమున వాడలోని ఇల్లు ఊరి నడుమకు రాలేదు, హోటలులో వేరు గ్లాసు చూచిన తాత జ్ఞాపకము చెరిగిపోలేదు. కనుక ఆ గడిలో భయపడి వ్రాసిన తల్లిని మేము యాకోబుతో పోల్చము. ఆమెది యాకోబు కపటము కాదు. ఐగుప్తులో ప్రాణభయముచేత శారాను చెల్లెలని చెప్పిన అబ్రాహాము భయము. దేవుడు అబ్రాహామును ఆ దినమున విడిచిపెట్టలేదు. అయితే ఆ మాటను సత్యము చేయనును లేదు. తన ఇష్టముతో బాప్తిస్మము పొంది, బల్లలో పాలుపొందుచు, ప్రభువు నామము ఒప్పుకొన్న యౌవనస్థుడు తాను క్రైస్తవుడను కానని వ్రాసి సంతకము చేయుట సరియని ఏ కాపరియు చెప్పజాలడు.

ఇక్కడనే సంఘము తన సంగతి చూచుకొనవలెను. నిజము వ్రాయుమని బిడ్డతో చెప్పుట సులభము. ఆ నిజమునకు ఖర్చు కలదు. సీటు తప్పవచ్చును, ఫీజు మీద పడవచ్చును, హాస్టలు దొరకకపోవచ్చును. ఆ ఖర్చంతయు హమాలీ పనిచేయు తండ్రిమీదను, నాట్లకు పోవు తల్లిమీదను వేసి, మనము ఆదివారము సత్యమును గూర్చి పాటలు పాడినయెడల, ఆ సత్యము ఎవరి సొమ్ము? గుడి ప్రహరీకి చందా వేసితిమి. మైకు సెట్టుకు వేసితిమి, అది ప్రక్క ఊరివరకు వినబడుచున్నది. బిడ్డ చదువునకు మాత్రము తండ్రి నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చుచున్నాడు. కోతపండుగ అర్పణలో సగము చదువు నిధిగా వేరుపరచుటకు ఏ సంఘ నియమావళియు అడ్డు రాదు. బస్తా వడ్లు తెచ్చువారు వడ్లే తేవచ్చును. తరువాత సంపాదించిన బిడ్డ తిరిగి వేసినయెడల మరియొకనికి అందును.

సర్కారు సాయమును విచారించుడి. 1977లో ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము జీ.ఓ. 341 ద్వారా, రాజ్యాంగబద్ధమైన కేటాయింపులు గాక ఇతరమైన కొన్ని సహాయములను షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైన వారికిని వర్తింపజేసినది. మన వారిలో ఆ పేరు విననివారే ఎక్కువ. దరఖాస్తుకు ముందు సంక్షేమశాఖ కార్యాలయములో అడిగి తెలిసికొనుడి. బీసీ విద్యార్థుల ఉపకారవేతనములను గూర్చియు అక్కడనే అడుగవలెను. అడుగుట సిగ్గు కాదు.

ఇక సీటు వచ్చిన బిడ్డ ఎట్లు వెళ్లవలెను? యాకోబు లాబాను ఇంటినుండి చెప్పకుండ పారిపోయెను, వెనుకనుండి తరుముకొని వచ్చిరి. ఎలీషా అట్లు పోలేదు. ఏలీయా దుప్పటి తనమీద పడగానే తండ్రిని తల్లిని ముద్దుపెట్టుకొని వచ్చెదనని చెప్పెను. దున్నుచున్న యెడ్లను వధించి, ఆ కాడి మ్రానుతోనే వండి, ఊరివారికి భోజనము పెట్టి వెళ్లెను. ఎడ్లు వధించుమని మేము చెప్పము, ఈ దినములలో జత ధర మీకు తెలిసినదే! అయితే పాత కళాశాలకు పోయి, అక్షరము చెప్పిన ఉపాధ్యాయులకు ఒక్కొక్కరికి నమస్కరించి, టీసీ తీసికొనవచ్చును. స్నేహితులను పిలిచి టీ త్రాగించవచ్చును. ఆఫీసు కిటికీ దగ్గర కాగితము పుచ్చుకొని మొగము తిప్పుకొని పోవుట ఎలీషా పద్ధతి కాదు.

పంపినవారి పని పంపుటతో తీరదు. లోతుకు మంచి నేల వదలి అబ్రాహాము ఊరకుండలేదు. తరువాతి అధ్యాయములోనే లోతు చెరపట్టబడెనని వినగా, తన ఇంట పుట్టిన 318 మందిని వెంటబెట్టుకొని రాత్రివేళ దానువరకు తరుముకొని పోయెను. నీవు కోరుకొన్న మైదానమే గదా, అనుభవించుమనలేదు. పట్నములో ఫెయిలైన బిడ్డ, డబ్బు లేక తిండి తగ్గించిన బిడ్డ, దిగులుపడి గది తలుపు వేసికొన్న బిడ్డ మనవాడే. సూర్యాపేటనుండి హైదరాబాదుకు సుమారు 135 కిలోమీటర్లు. పెండ్లిళ్లకు కార్లు మాటలాడుకొని పోవుచున్నాము. నెలకొక్కసారి పెద్దలలో ఒకరు పోయి ఆ పిల్లలతో కూర్చుండి భోజనము చేసి రావచ్చును. హన్నా ప్రతి సంవత్సరము షిలోహుకు చిన్న అంగీ కుట్టి తీసికొనిపోయెను. బిడ్డ పెరుగుచున్నాడు గనుక ప్రతి యేడు కొలత మారియుండును.

తిరిగి వచ్చెదవా అని పిల్లలచేత ప్రమాణము చేయింపకుడి. కొందరు వత్తురు, కొందరు వెళ్లాలన్‌విళై బిడ్డవలె మరియొక ఊరివారగుదురు.

ఈ సంవత్సరము దరఖాస్తు పెట్టువారు తమ కాగితములు తీసికొని తలిదండ్రులతో కూడ సాయంకాల ప్రార్థన తరువాత మందిరమునకు రావలెను. మేమును సంఘ పెద్దలిద్దరును కూర్చుండి చదివి చూతుము. కాపరి పత్రము కావలసినవారు కనీసము పదిదినములు ముందు అడుగవలెను. ఆదివారమునాడు వ్రాసి ఇయ్యబడదు.